స్కోరు తగ్గినా పై చదువుకు దారులున్నాయి: మీకు తెలుసా?

గేట్ ఫలితమో, జీఆర్ఈ స్కోరో వచ్చిన రోజు సిక్కోలు, విజయనగరం జిల్లాల్లో చాలా ఇళ్లలో ఒకే మాట వినిపిస్తుంది: "ఇక పీజీ ఆశ వదులుకోవడమే." ఇది తొందరపాటు మాట. స్కోరు ఎక్కడ దాటి తీరాల్సిన గీత, ఎక్కడ పదింటిలో ఒక అంశం, ఎక్కడ అసలు అడగనే అడగరు అన్నది తెలియక మంచి పిల్లలు దరఖాస్తు కూడా పెట్టకుండా ఆగిపోతున్నారు. ఆ పిల్లల కోసం, వాళ్లకు పాఠం చెప్పే మాస్టార్ల కోసం, ఫీజు కట్టే అమ్మానాన్నల కోసం ఈ సంగతులు.

1. మెట్రిక్ తప్పిన విద్యార్థి హార్వర్డ్‌లో డాక్టరేట్ తీసుకున్నారు

బోదకాలు రాకుండా మన పల్లెల్లో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి మింగించే డీఈసీ మాత్ర గుర్తుందా? ఆ మందు లెడర్లీ ప్రయోగశాలలో యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలో వచ్చింది. 1895లో భీమవరంలో పుట్టిన ఆయన మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గట్టెక్కారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టి ఆచార్యుడి ఆగ్రహానికి గురై, ఎంబీబీఎస్‌కు బదులు అంతకన్నా తక్కువదైన ఎల్ఎంఎస్ పట్టాతో బయటికి వచ్చారు. తర్వాత బోస్టన్ చేరారు. అక్కడ సహ పరిశోధకుడు ఫిస్కేతో కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని రూపొందించారు. 1925లో వెలువడిన ఆ పద్ధతికి నేటికీ వాళ్లిద్దరి పేరే ఉంది. 1930లో హార్వర్డ్ ఆయనకు పీహెచ్‌డీ ఇచ్చింది. ప్రయోగశాలలో చేసి చూపించిన పని ముందు పాత మార్కులు నిలవలేదు.

2. ఎచ్చెర్ల విశ్వవిద్యాలయం ఎవరి పేరు పెట్టుకుందో, ఆయన మెట్రిక్ మార్కులు 750కి 282

1907లో అంబేడ్కర్ గారికి వచ్చిన మార్కులివని ఆయన జీవితచరిత్ర రాసిన ధనంజయ్ కీర్ నమోదు చేశారు. అంటే నూటికి 38 కూడా లేవు. ఆరేళ్ల తర్వాత, 1913లో, బరోడా సంస్థానం విద్యార్థివేతనంతో ఆయన కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరారు. కొలంబియా పీహెచ్‌డీతో పాటు లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ నుంచి డీఎస్సీ కూడా సాధించారు. శ్రీకాకుళం పక్కన ఎచ్చెర్లలో ఆయన పేరుతో 2008లో ఏర్పడిన విశ్వవిద్యాలయం గేటు దాటే ప్రతి విద్యార్థీ ఈ అంకె తెలుసుకోవాలి.

3. ఎఫ్.ఏ. తప్పిన వ్యక్తికి మద్రాసు విశ్వవిద్యాలయం పరిశోధక వేతనం ఇచ్చింది

ఆ వ్యక్తి శ్రీనివాస రామానుజన్, ఆ ఏడాది 1913. నెలకు 75 రూపాయలు. డిగ్రీ లేకపోయినా నోటుపుస్తకాల్లోని గణితం చూసి ఇచ్చారు. నిబంధనను సడలించడానికి ఒప్పించింది కళ్లెదుట ఉన్న పని. ఈ జాబితాలో ఈ విషయం మళ్లీ మళ్లీ కనిపిస్తుంది.

4. జీఆర్ఈ స్కోరు ఒక్కటే చూసి తిరస్కరించవద్దని ఆ పరీక్ష పెట్టే సంస్థే చెబుతుంది

ఈటీఎస్ విశ్వవిద్యాలయాలకు ఇచ్చే మార్గదర్శకాల్లో ఈ మాట స్పష్టంగా ఉంది. కేవలం కటాఫ్ పెట్టి అభ్యర్థిని పక్కన పెట్టకూడదని, మార్కులు, సిఫారసు లేఖలు, అనుభవం కలిపి చూడాలని అది కోరుతుంది. అన్ని శాఖలూ దీన్ని ఒకేలా పాటించవు. ఆర్థికశాస్త్రం లాంటి శాఖలు క్వాంట్ స్కోరుకు ఇంకా గట్టి విలువ ఇస్తాయి. ఇంజనీరింగ్ శాఖలు సాధారణంగా వెర్బల్ కన్నా క్వాంట్‌నే ఎక్కువ పట్టించుకుంటాయి. అందుకే తెలుగు మీడియంలో చదివి వెర్బల్‌లో తగ్గిన ఇంజనీరింగ్ విద్యార్థి అక్కడితో ఆశ వదులుకోనక్కర్లేదు.

5. "ఇష్టమైతే పంపండి", "పంపినా చూడం" అనే రెండూ వేర్వేరు

2018 తర్వాత అమెరికాలో జీవశాస్త్ర విభాగాలతో మొదలుపెట్టి ఎన్నో పీహెచ్‌డీ కోర్సులు జీఆర్ఈని వదిలేశాయి. మిషిగన్ విశ్వవిద్యాలయం 2022లో తన పీహెచ్‌డీ ప్రవేశాలన్నిటికీ దాన్ని తీసేసింది. కాబట్టి శాఖ వెబ్‌సైటులో మూడు మాటల్లో ఏది ఉందో చూడండి: తప్పనిసరి, ఐచ్ఛికం, స్వీకరించం. స్వీకరించని చోట మీ తక్కువ స్కోరు ఎవరి కంటా పడదు. ఐచ్ఛికమైన చోట బలహీనమైన స్కోరు పంపకపోవడమే మేలు. ఒకే విశ్వవిద్యాలయంలో రెండు శాఖలకు రెండు నిబంధనలు ఉండొచ్చు. విశ్వవిద్యాలయం పేరు చూసి నిర్ణయించుకోకుండా శాఖ పేజీ చదవండి.

6. నాలుగుసార్లు రాసినా, మీరు ఎంచుకున్న స్కోరే వెళ్తుంది

జీఆర్ఈని 21 రోజుల విరామంతో, ఏ 12 నెలల్లోనైనా ఐదుసార్ల వరకు రాయొచ్చు. స్కోరు ఐదేళ్లు చెల్లుతుంది. ఏ తేదీ స్కోరు పంపాలో ఎంచుకునే వీలు ఈటీఎస్ ఇస్తోంది. మిగతా ప్రయత్నాల సంగతి విశ్వవిద్యాలయానికి తెలియదు. 2023 సెప్టెంబరు నుంచి పరీక్ష నిడివి కూడా రెండు గంటల లోపుకు తగ్గింది. అయితే ప్రతిసారీ వేల రూపాయల ఫీజు కట్టాలి. ఎక్కడ తగ్గిందో తేల్చుకోకుండా మళ్లీ రాస్తే డబ్బు దండగ.

7. ఇంగ్లిష్ పరీక్షలో మాత్రం కనీస స్కోరు దాటక తప్పదు

చాలామంది జీఆర్ఈ మీద ఆరు నెలలు పెట్టి ఐఎల్టీఎస్‌ను ఆఖరి వారానికి వదిలేస్తారు. నిజానికి గట్టి గీత ఉండేది ఇక్కడే. శాఖకు నచ్చినా, విశ్వవిద్యాలయం పెట్టిన కనీస బ్యాండు రాకపోతే ఫైలు ముందుకు కదలదు. ఐఎల్టీఎస్, టోఫెల్ స్కోర్లు రెండేళ్లే చెల్లుతాయి. కంప్యూటర్ మీద ఐఎల్టీఎస్ రాసినవాళ్లకు ఒక్క విభాగాన్నే మళ్లీ రాసే అవకాశం ఉంది. స్పీకింగ్‌లో అర బ్యాండు తగ్గితే నాలుగూ మళ్లీ రాయక్కర్లేదు. ఆ ఫలితాన్ని మీరు కోరుకున్న విశ్వవిద్యాలయం ఒప్పుకుంటుందో లేదో ముందే అడగండి.

8. స్కోరుకీ పరిశోధనకీ సంబంధం ఎంత? అధ్యయనాలు రెండు వైపులా ఉన్నాయి

2001లో కన్సెల్, హెజ్లెట్, ఓన్స్ ఎన్నో పాత అధ్యయనాలను కలిపి విశ్లేషించి, జీఆర్ఈ స్కోరు పీజీ మార్కులను కొంతవరకు ముందే సూచిస్తుందని చూపించారు. 2017లో వాండర్‌బిల్ట్, నార్త్ కరొలైనా విశ్వవిద్యాలయాల జీవవైద్య విద్యార్థులపై వచ్చిన రెండు అధ్యయనాలు వేరే సంగతి చెప్పాయి: ఎవరు పీహెచ్‌డీ పూర్తిచేస్తారో, ఎవరు ఎక్కువ పరిశోధన పత్రాలు వెలువరిస్తారో జీఆర్ఈ చెప్పలేకపోయింది. నార్త్ కరొలైనాలో దీన్ని ఎక్కువగా పట్టిచ్చింది సిఫారసు లేఖలు. దీన్నిబట్టి తేలేది ఇదీ: తరగతి పాఠాలను తట్టుకోగలరా అన్న అనుమానం స్కోరు వల్ల వస్తుంది, దాన్ని తీర్చాలి. పరిశోధన చేయగలరా అన్నది వేరే ప్రశ్న, దానికి వేరే రుజువు చూపాలి.

9. సిఫారసు లేఖలో ఒక్క నిజమైన సంఘటన పది విశేషణాల కన్నా బలమైనది

"నువ్వే రాసి తెచ్చెయ్, సంతకం పెడతాను" అనే అలవాటు మన కళాశాలల్లో బలంగా ఉంది. దానివల్ల నష్టపోయేది తక్కువ స్కోరున్న పిల్లలే. ఊహించి రాసిన ఈ రెండు లేఖలు చూడండి.

మొదటిది: "ఈ విద్యార్థి కష్టజీవి, క్రమశిక్షణ గలవాడు, తరగతికి వేళకు వస్తాడు, మంచి భవిష్యత్తు ఉంది."

రెండోది: "ఆరో సెమిస్టరు ప్రాజెక్టులో కెమెరాతో గుండు జీడిపప్పును, బద్దను వేరుచేసే ప్రోగ్రాం రాశాడు. ల్యాబులో బాగా పనిచేసింది గానీ పరిశ్రమ షెడ్డులోని మసక వెలుతురులో తప్పులు వచ్చాయి. నేను చెప్పకుండానే పలాస వెళ్లి, ఆ వెలుతురులోనే కొత్త ఫొటోలు తీసి, మళ్లీ పరీక్షించాడు. ఇంకా ఏ రకం పప్పు దగ్గర తప్పుతోందో నివేదికలో దాచకుండా రాశాడు."

మొదటి లేఖ ఏ విద్యార్థికైనా అతుకుతుంది. రెండోది ఒక్కడికే అతుకుతుంది. రెండోది చదివిన ఆచార్యుడికి క్వాంట్ స్కోరు మీద ఉన్న సందేహం సగం తీరుతుంది. మాస్టార్లకు మనవి: దయచేసి మీరే రాయండి. మీ ఇంగ్లిష్ అలంకారంగా లేకపోయినా ఫరవాలేదు, మీరు చూసినది రాయండి. పిల్లలకు మనవి: ప్రాజెక్టు నివేదిక, మార్కుల జాబితా, గడువు తేదీ ఒక కాగితం మీద పెట్టి కనీసం నెల ముందు మాస్టారికి ఇవ్వండి.

10. అలాంటి లేఖ సంపాదించుకోవడానికి వేసవిలో రెండు నెలల దారి ఉంది

మన దేశంలోని మూడు సైన్సు అకాడమీలు కలిసి ఏటా వేసవి పరిశోధన ఫెలోషిప్పులు ఇస్తాయి. ఎంపికైతే దేశంలోని పేరున్న శాస్త్రవేత్త దగ్గర రెండు నెలలు పనిచేయొచ్చు, భృతి కూడా ఉంటుంది. దీనికి జాతీయ స్థాయి పరీక్ష రాయక్కర్లేదు. మార్కులు, మీరు రాసే పరిశోధన ఆలోచన, మీ అధ్యాపకుల లేఖ చూస్తారు. రాజాం, చింతలవలస, టెక్కలి, ఎచ్చెర్ల... మీ కళాశాల ఎక్కడున్నా దరఖాస్తు ఒకటే.

11. గేట్‌లో తెలియనివాటిని గుడ్డిగా గుర్తిస్తే వచ్చిన మార్కులూ పోతాయి

ఒకే సమాధానం గుర్తించే రెండు మార్కుల ప్రశ్న తప్పయితే మూడింట రెండు వంతుల మార్కు పోతుంది. అలాంటివి 12 తప్పు పెడితే 8 మార్కులు కోత. అర్హత గీత దగ్గర ఊగిసలాడే వారికి ఆ 8 మార్కులే అటో ఇటో తేలుస్తాయి. సంఖ్య రాసే ప్రశ్నలకు, ఒకటికి మించి సరైన సమాధానాలుండే ప్రశ్నలకు కోత లేదు. వాటిని ఖాళీగా వదలకూడదు. గేట్ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది, వయోపరిమితి లేదు, బీటెక్ మూడో ఏడాదిలోనే రాయొచ్చు. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు అర్హత మార్కు జనరల్ గీతలో మూడింట రెండు వంతులు, ఓబీసీ, ఈడబ్ల్యూఎస్ వారికి 90 శాతం.

12. గేట్ అడగని పేరున్న సంస్థలు కూడా ఉన్నాయి

హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ తన పీజీఈఈ పరీక్షతో ఎంటెక్, ఎంఎస్, పీహెచ్‌డీ విద్యార్థులను తీసుకుంటుంది. భారతీయ గణాంక సంస్థ, టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ తమ సొంత పరీక్షలు పెడతాయి. వాటిలో జ్ఞాపకశక్తి కన్నా ఆలోచనకు పని ఎక్కువ. రాష్ట్రంలో పీజీఈసెట్ రాస్తే ఎంటెక్, ఎంఫార్మసీ సీట్లకు పోటీపడొచ్చు. గేట్, జీప్యాట్ అర్హుల తర్వాత మిగిలిన సీట్లు ఆ ర్యాంకుతో నింపుతారు. పైడిభీమవరం ఔషధ పరిశ్రమల్లో ఉద్యోగం చేస్తూ ఎంఫార్మసీ కోరుకునేవారికి ఇది దగ్గరి దారి. ఎంఏ, ఎంఎస్సీలకు 2021 నుంచి రాష్ట్రమంతటికీ ఒకే పీజీసెట్ ఉంది. విజయనగరంలోని కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం పీజీ సీట్లకు మాత్రం సీయూఈటీ రాయాలి.

13. జేఆర్ఎఫ్ రాకపోయినా నెట్ స్కోరుతో పీహెచ్‌డీకి పోటీపడొచ్చు

2024లో యూజీసీ నెట్ ఫలితాల్లో మూడో వర్గాన్ని చేర్చింది: పీహెచ్‌డీ ప్రవేశానికి మాత్రమే అర్హత. నెట్ ద్వారా ప్రవేశాలు చేసే విశ్వవిద్యాలయాల్లో ఈ వర్గం వారికి నెట్‌కు 70 శాతం, ఇంటర్వ్యూకి 30 శాతం విలువ. ఆ 30ని చిన్నచూపు చూడకండి. అంశం మీద పట్టు, ఇప్పటికే చదివిన పరిశోధన పత్రాలు, వేయబోయే ప్రశ్న స్పష్టత అక్కడ బయటపడతాయి. ఈ అర్హత ఏడాదే చెల్లుతుంది కాబట్టి ప్రకటనలు వచ్చిన వెంటనే కదలాలి.

14. జర్మనీలో తక్కువ అంకే మంచి మార్కు

అక్కడ 1.0 అత్యుత్తమం, 4.0 కనీస ఉత్తీర్ణత. మన సీజీపీఏను వాళ్ల లెక్కలోకి మార్చడానికి ఒక సూత్రం వాడతారు: గరిష్ఠం నుంచి మీ సీజీపీఏ తీసేసి, దాన్ని గరిష్ఠానికీ కనీస ఉత్తీర్ణతకీ మధ్య తేడాతో భాగించి, మూడుతో హెచ్చించి, ఒకటి కలపాలి. 10కి 7.5 వచ్చి, కనీస ఉత్తీర్ణత 5 అయితే ఫలితం 2.5. చాలా ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు జీఆర్ఈ అడగవు, ట్యూషన్ ఫీజూ తీసుకోవు. బాడెన్ వుర్టెంబర్గ్ రాష్ట్రం మాత్రం ఐరోపా సమాఖ్య బయటి విద్యార్థుల దగ్గర సెమిస్టరుకు 1,500 యూరోలు వసూలు చేస్తుంది. 2022 నవంబరు నుంచి భారతీయ విద్యార్థులకు వీసాకు ముందు ఏపీఎస్ ధ్రువపత్రం తప్పనిసరి.

15. తలుపు దగ్గర కాకుండా లోపల పరీక్ష పెట్టే కోర్సు ఒకటుంది

జార్జియా టెక్ 2014 జనవరిలో కంప్యూటర్ సైన్స్ ఎంఎస్‌ను ఆన్‌లైన్‌లో మొదలుపెట్టింది. ప్రారంభంలో మొత్తం ఖర్చు దాదాపు 7,000 డాలర్లు. జీఆర్ఈ అక్కర్లేదు. కానీ చేరిన మొదటి 12 నెలల్లో రెండు పునాది కోర్సుల్లో బి గ్రేడు తెచ్చుకోవాలి. విశాఖలోనో హైదరాబాద్‌లోనో ఉద్యోగం చేసుకుంటూ చదవాలనుకునేవారు దీన్ని చూడాలి.

16. మన ఎచ్చెర్లలోనే ప్రవేశ పరీక్ష ర్యాంకు అడగని ట్రిపుల్ ఐటీ ఉంది

శ్రీకాకుళం ఆర్జీయూకేటీ 2016లో మొదలైంది. పదో తరగతి మార్కులతోనే ఆరేళ్ల చదువుకు సీటు ఇస్తారు. సర్కారు బడి పిల్లలకు వెనుకబాటు కింద నాలుగు శాతం కలుపుతారు. ఒకే మార్కు తెచ్చుకున్నా ట్యూషన్ లేని పల్లె పిల్లకు, పట్నం కార్పొరేట్ బడి పిల్లకు దాని వెనక పడ్డ శ్రమ ఒకటి కాదన్న న్యాయం ఇందులో ఉంది. ఆర్జీయూకేటీ తొలి కులపతి రాజ్‌రెడ్డి గారు చిత్తూరు జిల్లా కాటూరు నుంచి స్టాన్‌ఫర్డ్ దాకా వెళ్లి, 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్నవారు.

17. పరిశోధనాంశం కోసం దూరం పోనక్కర్లేదు

శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి గారు విజయనగరంలో మెట్రిక్ చదివి, పర్లాకిమిడిలో బడి మాస్టారుగా చేరారు. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా బీఏ పూర్తిచేశారు. చుట్టుపక్కల కొండల్లోని సవరల భాషను వాళ్ల దగ్గరే నేర్చుకుని, 1931లో వచ్చిన సవర భాషా వ్యాకరణాన్ని రాశారు. ఆయన పనికి ముడిసరుకు ఇంటి పక్కనే దొరికింది. ఇవాళ్టి విద్యార్థికీ దొరుకుతుంది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల మధ్య ప్రబలిన కిడ్నీ వ్యాధికి కారణమేమిటన్నది జీవశాస్త్రవేత్తలు, నీటి రసాయన నిపుణులు, గణాంకవేత్తలు కలిసి వెతకాల్సిన ప్రశ్న. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పడగొట్టిన తోటలు, తేలినీలాపురం వచ్చే వలస పక్షులు, పొందూరు ఖాదీ నూలు... ఒక్కోటీ ఒక పరిశోధన పత్రానికి సరిపడే విషయం. అక్కడ పుట్టి పెరిగిన విద్యార్థికి అందులో ఉన్న అవగాహన బోస్టన్‌లోని అభ్యర్థికి ఉండదు. దరఖాస్తుతో పంపే ఉద్దేశ పత్రం (ఎస్ఓపీ)లో అదే మీ బలం.

18. తక్కువ స్కోరు గురించి ఎస్ఓపీలో రెండు వాక్యాలు చాలు

అనారోగ్యమో, ఇంట్లో కష్టమో నిజంగా కారణమైతే ఒక వాక్యంలో చెప్పండి. రెండో వాక్యంలో రుజువు చూపండి: గణితం కోర్సుల్లో వచ్చిన గ్రేడ్లు, ఎన్పీటీఈఎల్ కోర్సుకు హాల్లో కూర్చుని రాసిన పరీక్ష మార్కు, పూర్తిచేసిన ప్రాజెక్టు. ఆ తర్వాత స్కోరు ఊసెత్తకండి. మిగతా పేజీ అంతా మీరు చేసిన పనికీ, చేయబోయే పనికీ కేటాయించండి.

19. విదేశీ విద్యార్థివేతనానికి కూడా జీఆర్ఈ అర్హత కాదు

కేంద్ర సామాజిక న్యాయ శాఖ ఇచ్చే జాతీయ విదేశీ విద్యార్థివేతనాలు ఏటా 125. ఎస్సీ, సంచార జాతులు, భూమిలేని వ్యవసాయ కూలీలు, చేతివృత్తుల కుటుంబాల పిల్లలకు ఇవి. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు, వయసు 35 లోపు ఉండాలి, డిగ్రీలో 60 శాతం మార్కులు, క్యూఎస్ జాబితాలో మొదటి 500లోని విశ్వవిద్యాలయంలో ప్రవేశం కావాలి. గిరిజన వ్యవహారాల శాఖ వేరుగా 20 ఇస్తుంది. వాటిలో మూడు ప్రత్యేకంగా వెనుకబడిన గిరిజన తెగలవి. మన్యంలోని కొండ సవర పిల్లలు ఆ కోవలోకి వస్తారు. ఈ కబురు సీతంపేట, పార్వతీపురం వైపు ప్రతి హాస్టల్ గోడ మీదా ఉండాలి.

20. తప్పుడు పత్రం తక్కువ స్కోరు కన్నా ఎన్నో రెట్లు ప్రమాదం

లేని అనుభవాన్ని చూపించే పత్రం, కొన్న సిఫారసు లేఖ, మరొకరి ఎస్ఓపీ ఇప్పిస్తామనే కన్సల్టెన్సీలకు దూరంగా ఉండండి. చేరిన తర్వాత బయటపడినా విశ్వవిద్యాలయం సీటు రద్దు చేయగలదు. వీసా కోసం కీలకమైన అబద్ధం చెప్పినట్టు తేలితే అమెరికా వలస చట్టం ప్రకారం ఆ దేశానికి జీవితాంతం అనర్హులయ్యే అవకాశం ఉంది. తక్కువ స్కోరును వచ్చే ఏడాది మళ్లీ రాసి దిద్దుకోవచ్చు. దీన్ని దిద్దుకోవడం చాలా కష్టం.

21. పదికి పది గొప్ప పేర్లే ఉన్న జాబితా మంచి జాబితా కాదు

ఎనిమిది చోట్ల పెట్టగలిగితే మూడు చోట్ల మీ స్కోరు సులువుగా సరిపోవాలి, మూడు చోట్ల స్కోరు అడగకూడదు, రెండు మాత్రమే ఆశకు వదలాలి. ప్రతి పేరు పక్కన నాలుగు గడులు గీయండి: స్కోరు నిబంధన, ఇంగ్లిష్ కనీస బ్యాండు, గడువు, మీ అంశంపై పనిచేసే ఆచార్యుడు. నాలుగో గడి ఖాళీగా ఉంటే పరిశోధన కోర్సుకు అక్కడ ఫీజు కట్టకండి. మూడో ఏడాది వేసవిలో ఈ పట్టిక మొదలుపెట్టిన విద్యార్థికి ప్రాజెక్టు చేయడానికి, మంచి లేఖ సంపాదించడానికి, అవసరమైతే పరీక్ష మళ్లీ రాయడానికి సమయం మిగులుతుంది. ఆఖరి ఏడాది డిసెంబరులో మొదలుపెట్టినవారి చేతిలో స్కోరు తప్ప చూపడానికి ఇంకేమీ ఉండదు.